ఇంధన పొదుపు బృందం ఎలా పెట్టాలి: మొదటి మీటరు రీడింగు నుంచి ఉమ్మడి సోలార్ దాకా

నలుగురం కలిసి సోలార్ పెట్టించుకుందాం అన్న మాటతోనే చాలా బృందాలు పుడతాయి. రెండో సమావేశానికి కొటేషన్లు వస్తాయి. మూడో సమావేశంలో డబ్బు దగ్గర చర్చ తెగదు. నాలుగో సమావేశానికి దాన్ని ఏర్పాటు చేసినవాళ్లే మిగులుతారు. ఉత్సాహం తక్కువై ఇలా జరగదు, పని వరుస తలకిందులు కావడం వల్ల జరుగుతుంది. ఎవరింట్లో ఎంత కరెంటు ఎక్కడ పోతోందో తెలియకుండా ఎన్ని ప్యానెళ్లు కావాలో చెప్పడం కుదరదు. ముందు కొలవాలి, తర్వాత వృథాను ఆపాలి, మిగిలిన అవసరానికి మాత్రమే ఉత్పత్తి పెట్టాలి. ఈ మార్గదర్శి అదే వరుసలో నడుస్తుంది.

జర్మనీలోని షోనావ్ అనే చిన్న పట్టణంలో, 1986 నాటి చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత కొందరు తల్లిదండ్రులు బృందంగా ఏర్పడ్డారు. వాళ్లు మొదట చేపట్టిన పనుల్లో ఇళ్ల మధ్య కరెంటు పొదుపు పోటీలు ఒకటి. ఆ ప్రయాణమే 1997 నాటికి ఊరి విద్యుత్ లైన్లను తామే కొని నడుపుకునే దాకా వెళ్లింది. అంత పెద్ద పనికి కావలసిన నమ్మకం ఇంటింటికీ తిరిగి చేసే చిన్న పనుల్లోంచే పుడుతుంది.

మొదటి మెట్టు: మనుషులు, కట్టుబాట్లు

అయిదుగురి నుంచి ఏడుగురి దాకా చాలు. వాళ్లలో ఒకరికి ఎలక్ట్రీషియన్ పని క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. ఒకరు లెక్కలు రాయాలి. ఒకరు ఇళ్లకు ఫోన్లు చేసి తేదీలు కుదర్చాలి. మూడో పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ బృందాన్ని నిలబెట్టేది అదే. సర్వేకు తేదీ ఇచ్చి వెళ్లకపోతే ఆ వీధిలో మళ్లీ తలుపు తెరవరు.

మొదటి ఏడాది పని చేసే ప్రాంతాన్ని 30 నుంచి 50 ఇళ్లకు పరిమితం చేయండి. ఊరంతా అని మొదలుపెడితే ఒక్క వీధిలోనూ ఫలితం కనబడదు. ఒకే వీధిలో పది ఇళ్లలో బిల్లు తగ్గిందంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి అడుగుతారు.

రాతపూర్వకంగా పెట్టుకోవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. వస్తువులు అమ్మేవాళ్ల నుంచి బృందంలో ఎవరూ కమీషన్ తీసుకోకూడదు. సభ్యుడికో, అతని బంధువుకో సంబంధించిన దుకాణం కొటేషన్ ఇస్తే ఆ సంగతి ముందే చెప్పి, నిర్ణయం రోజు ఆ సభ్యుడు పక్కకు తప్పుకోవాలి. ఎవరి కరెంటు బిల్లు చూసినా ముందు సంతకంతో అనుమతి తీసుకోవాలి, ఆ అంకెలు ఇంటి పేరుతో బయటికి రాకూడదు. ఇల్లు ఏ వేళల్లో ఖాళీగా ఉంటుందో కరెంటు వాడకమే చెప్పేస్తుంది. అందుకే ఇది మర్యాద విషయమే కాదు, భద్రత విషయం కూడా. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, నెలనెలా పద్దు సభ్యులందరికీ చూపాలి. ఇతరుల డబ్బు ముట్టుకునే రోజుకు ముందే సొసైటీగానో, ట్రస్టుగానో, సహకార సంఘంగానో నమోదు కావాలి. అప్పటిదాకా బృందంగా ఉంటే సరిపోతుంది.

రెండో మెట్టు: పనిముట్ల సంచి

సభ్యులు అరువు తీసుకుని వాడుకునేలా ఒక సంచి తయారుచేయండి. గ్రంథాలయం పుస్తకంలాగే పేరు, తేదీ రాసి ఇవ్వాలి. అందులో ఉండవలసినవి ఇవి:

- సాకెట్‌కు, వస్తువుకు మధ్య పెట్టే ప్లగ్ మీటర్లు 3. వాట్లతో పాటు గడిచిన గంటలు, మొత్తం యూనిట్లు (ఒక యూనిట్ అంటే 1000 వాట్-గంటలు, అంటే ఒక కిలోవాట్-గంట) కూడా చూపే రకం తీసుకోవాలి.
- తీగ చుట్టూ దవడల్లా పట్టించి అందులో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు 1. ఇది ఎలక్ట్రీషియన్ చేతికి మాత్రమే.
- దూరం నుంచి ఉపరితలం వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు 1, ఫ్రిజ్‌లో పెట్టే మామూలు థర్మామీటర్లు 2.
- దిక్సూచి, 5 మీటర్ల టేపు, టార్చి, నల్ల ఇన్సులేషన్ టేపు, లీటరు గుర్తులున్న బకెట్, స్టాప్‌వాచ్.

ప్రతి పనిముట్టూ ఏదో ఒక చోట తప్పు చెబుతుంది. ఆ చోటు ఏదో తెలిసి వాడాలి. ప్లగ్ మీటరు మీద రాసి ఉన్న ఆంపియర్ల పరిమితి దాటే వస్తువును దానికి తగిలిస్తే మీటరు వేడెక్కి కాలిపోవచ్చు. గీజరు, ఏసీ లాంటివాటిని ఇంటి మీటరు నుంచే కొలవండి, పద్ధతి కింద ఉంది. క్లాంప్ మీటరు దవడల మధ్య ఒక్క తీగే ఉండాలి. రెండు తీగలున్న కేబుల్‌ను మొత్తంగా పట్టిస్తే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఇంకో పొరపాటు, క్లాంప్ చూపిన ఆంపియర్లను వోల్టులతో గుణించి అవే వాట్లు అనుకోవడం. మోటారు 230 వోల్టుల దగ్గర 1 ఆంపియరు తీసుకుంటూ, పవర్ ఫ్యాక్టర్ (ఆ గుణకారం విలువలో నిజంగా వాడే భాగం) 0.7 ఉంటే, అసలు వాడేది 161 వాట్లే, 230 కాదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద వేడిని బాగా తక్కువగా చూపిస్తుంది. అలాంటి చోట నల్ల టేపు ముక్క అంటించి, అయిదు నిమిషాలాగి ఆ టేపును కొలవాలి.

మూడో మెట్టు: ఇంటి సర్వే

ఇద్దరు వెళ్లాలి, గంటన్నర పడుతుంది. ఒకరు కొలుస్తారు, ఇంకొకరు రాస్తారు. స్విచ్ బోర్డులు, పంపిణీ పెట్టె విప్పడం సర్వే చేసేవాళ్ల పని కాదు. కాలిన వాసన, రంగు మారిన సాకెట్, వేడెక్కిన ప్లగ్ కనిపిస్తే పొదుపు మాట పక్కనపెట్టి ముందు అదే చెప్పాలి.

వెళ్లేముందే గడిచిన 12 నెలల బిల్లులు తెప్పించుకోండి. వాటిని నెలల వారీగా ఒక కాగితం మీద గీస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఎండాకాలంలో ఎత్తుగా లేచే గీత చల్లదనం ఖర్చు. చలికాలంలో లేచేది నీళ్లు కాచుకునే ఖర్చో, ఇల్లు వేడి చేసుకునే ఖర్చో అవుతుంది. ఏడాదంతా ఒకే మట్టంగా ఎక్కువగా ఉంటే ఫ్రిజ్, పంపు, ఇరవైనాలుగు గంటలూ ఆన్‌లో ఉండే వస్తువులను అనుమానించాలి.

ఇంటికి వెళ్లాక మొదటి పని మీటరు దగ్గరే. ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుకుమనే చిన్న లైటు పక్కన 1000, 1600, 3200 లాంటి అంకె రాసి ఉంటుంది. ఒక యూనిట్‌కు ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. సరిగ్గా ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దాన్ని 60,000తో గుణించి మీటరు మీది అంకెతో భాగిస్తే ఆ క్షణంలో ఇంట్లో నడుస్తున్న వాట్లు వస్తాయి. 3200 మీటరులో నిమిషానికి 10 వెలుగులంటే 187.5 వాట్లు. ఏదైనా పెద్ద వస్తువును కొలవాలంటే అది ఆపి ఒకసారి, వేసి ఒకసారి లెక్కపెట్టి తేడా తీసుకోవడమే. కొలిచే నిమిషంలో ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయితే లెక్క పాడవుతుంది. కనుక ఒకరు ఫ్రిజ్ చప్పుడు వింటూ ఉండాలి.

ఇప్పుడు ఇంట్లోవాళ్లను అన్నీ ఆపమనండి, ప్లగ్గులు మాత్రం పీకనివ్వకండి. అప్పటికీ మీటరు లైటు వెలుగుతూనే ఉంటే అదే నిద్రపోని వాడకం. 60 వాట్లు ఎడతెగకుండా నడిస్తే 30 రోజులకు 43 యూనిట్లు. రిమోట్‌తో ఆపిన టీవీ, సెట్ టాప్ బాక్స్, వైఫై, ఎప్పుడూ గోడకే వేలాడే ఛార్జర్లు, ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ వరుసగా ఒక్కొక్కటి పీకుతూ లైటు వేగం గమనించండి. ఛార్జర్ల మీద చాలా మందికి కోపం ఎక్కువ గానీ, ఇప్పటి ఫోన్ ఛార్జర్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేది వాటులో చిన్న భాగమే. సెట్ టాప్ బాక్స్, పాత ఇన్వర్టరే అసలు దొంగలు. అన్నీ పీకినా లైటు ఆగకపోతే వైరింగులో లీకేజీ ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తీరాలి.

తర్వాత ఫ్రిజ్. దీన్ని అయిదు నిమిషాలు కొలిచి ఏమీ చెప్పలేం, ఎందుకంటే కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ప్లగ్ మీటరు పెట్టి 24 గంటలు వదిలేసి, మర్నాడు యూనిట్లు చూడండి. మామూలు కుటుంబం వాడే సైజు ఫ్రిజ్ రోజుకు 1.5 యూనిట్లు దాటితే కారణం వెతకాలి. తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేసిన చోట చల్లదనం కారుతోంది. వెనక గోడకు కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉందా, కాయిల్స్ మీద దుమ్ము పేరుకుందా చూడండి. లోపల పెట్టిన థర్మామీటరు 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 చూపితే చాలు. అంతకన్నా చల్లగా ఉంటే నాబ్ తగ్గించడమే, పైసా ఖర్చు లేని పొదుపు. ఫ్రీజర్‌లో మంచు అర సెంటీమీటరు మందం దాటితే కరిగించాలి. కత్తితో గీకితే గ్యాస్ గొట్టం చిల్లు పడి ఫ్రిజ్ మొత్తం పోతుంది.

గీజరు లెక్క కాగితం మీదే చేయొచ్చు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్-గంటలు కావాలి. 25 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తెస్తే దాదాపు 1.02 యూనిట్లు, 50 దగ్గర ఆపితే 0.73. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వేడినీళ్లు రోజుల తరబడి నిలవ ఉండే పెద్ద ట్యాంకుల్లో ఉష్ణోగ్రత 60 కన్నా తగ్గిస్తే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. స్నానానికి ముందు వేసి, అవగానే ఆపేసే చిన్న గీజర్లకే తగ్గించమని చెప్పండి. రోజంతా ఆన్‌లో ఉంచే అలవాటు ఉంటే దాన్ని మాన్పించడమే అన్నిటికన్నా పెద్ద లాభం. స్నానపు నీళ్లు నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయో బకెట్, స్టాప్‌వాచ్‌తో చూడండి. 12 లీటర్లు పడే షవర్‌కు 7 లీటర్లది పెడితే, స్నానానికి పట్టే సమయం మారనంతవరకు, వేడి చేసే కరెంటు కూడా అదే దామాషాలో తగ్గుతుంది.

వేడి ప్రాంతాల్లో సీలింగ్ ఫ్యాన్ దగ్గరే ఎక్కువ సేపు ఆగాలి. పాత తరం ఇండక్షన్ మోటారు ఫ్యాను పూర్తి వేగంలో 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో నడిచే కొత్త రకం) 30 వాట్ల చుట్టూ. రోజుకు 12 గంటలు తిరిగితే తేడా నెలకు 16 యూనిట్లు, నాలుగు ఫ్యాన్లకు 65. మార్చేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ను సర్క్యూట్ నుంచి తీసేయాలి. అది మధ్యలో ఉండిపోతే బీఎల్‌డీసీ ఫ్యాను లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు దెబ్బతింటుంది. "కొత్త ఫ్యాను నెలకే పోయింది" అన్న ఫిర్యాదు వింటే ముందు చూడవలసింది ఇదే. రోజుకు గంట తిరిగే ఫ్యాన్లను మార్చమని చెప్పకండి, పాతదే ఉండనివ్వండి.

ఏసీ ఉంటే ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూడండి. అవతల కనబడకపోతే ఈ రోజే కడగాలి. సెట్టింగు ఒక డిగ్రీ పెంచితే వాడకం సుమారు 6 శాతం తగ్గుతుందని సాధారణంగా లెక్కిస్తారు. ఫ్యాను తోడుగా తిప్పితే రెండు డిగ్రీల పెంపు ఒంటికి తెలియదు. పై అంతస్తు ఇళ్లలో మధ్యాహ్నం 3 గంటలకు సీలింగ్‌ను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలవండి. గది గాలికన్నా అయిదారు డిగ్రీలు వేడిగా ఉంటే పైకప్పే పొయ్యిలా పనిచేస్తోందని అర్థం. అప్పుడు ఏసీ మార్చడంకన్నా డాబా మీద వేడిని తిప్పికొట్టే తెల్ల పూత ముందు రావాలి. చలి ప్రాంతాల్లో ఇదే పరీక్ష తలుపులు, కిటికీల అంచుల దగ్గర చేయాలి. సన్నటి టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటే, గాలి దూరే చోట అది కదులుతుంది.

నీళ్ల పంపును చాలా సర్వేలు వదిలేస్తాయి, అది పెద్ద పొరపాటు. 1000 లీటర్లను 15 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 0.041 యూనిట్లు చాలు. మోటారు, పంపు, గొట్టాల నష్టాలన్నీ కలిపి 35 శాతం సామర్థ్యం వేసుకుంటే దాదాపు 0.12. ట్యాంకు నిండడానికి పట్టిన నిమిషాలు, మీటరు లైటు లెక్క కలిపి చూసినప్పుడు 0.3 యూనిట్లు తేలితే ఫుట్‌వాల్వ్ (గొట్టం అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) కారుతోందో, ఇంపెల్లర్ (పంపు లోపల నీటిని తోసే చక్రం) అరిగిందో, సన్న గొట్టం వేశారో అయి ఉంటుంది. ట్యాంకు నిండి పొర్లుతున్న నీళ్లు కూడా పారబోసిన కరెంటే. ఫ్లోట్ స్విచ్ ఉందా, పని చేస్తోందా చూడండి.

నివేదికలో మూడు మాటలే

ఇరవై సలహాలు రాసిస్తే ఒక్కటీ జరగదు. ప్రతి ఇంటికీ మూడే రాయండి. ఒకటి ఈ రోజే డబ్బు లేకుండా చేసేది, ఒకటి ఈ నెలలో చిన్న ఖర్చుతో అయ్యేది, ఒకటి పాత వస్తువు పోయినప్పుడు గుర్తుంచుకోవలసింది. ఒక్కోదాని పక్కన నెలకు ఎన్ని యూనిట్లు మిగులుతాయో, ఆ అంకె ఎలా వచ్చిందో రాయాలి. ఆరు వారాలకు ఫోన్ చేసి మొదటిది జరిగిందా అని అడగండి. ఈ ఒక్క ఫోనే సర్వేకు, పొదుపుకు మధ్య వంతెన.

అద్దె ఇళ్లలో ఫ్యాన్లు, గీజర్లు యజమానివి, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. అక్కడ రెండో సలహాను యజమాని పేరున వేరే కాగితం మీద రాసివ్వండి. అద్దెవాళ్లు అడగలేని మాటను ఆ కాగితం అడుగుతుంది.

సర్వేలు పాతిక దాటాక ఒకే వస్తువు చాలా ఇళ్లకు కావాలని తేలుతుంది. అప్పుడు అందరికీ కలిపి కొనండి. కొటేషన్ అడిగే కాగితం అందరు అమ్మకందార్లకూ ఒకటే ఉండాలి. ఎల్‌ఈడీ బల్బయితే వాట్లు కాకుండా లూమెన్లు (వెలుగు కొలత), ఎన్నేళ్ల వారంటీ, మార్పిడి ఎక్కడ అన్నవి రాయండి. పాత 60 వాట్ల బల్బు వెలుగు దాదాపు 800 లూమెన్లు, అది 9 వాట్ల మంచి ఎల్‌ఈడీతో వస్తుంది.

నాలుగో మెట్టు: ఉమ్మడి సోలార్

మొదటి ప్రాజెక్టుకు పగలు కరెంటు వాడే భవనాన్ని ఎంచుకోండి. బడి, గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, ఉమ్మడి నీటి పంపు ఉన్న భవనం బాగుంటాయి. సాయంత్రం మాత్రమే తెరిచే హాలు మీద పెడితే ఉత్పత్తంతా లైనులోకి పోతుంది. మిగులు కరెంటుకు తక్కువ ధర ఇచ్చే చోట ఆ ప్రాజెక్టు గిట్టదు. పైకప్పు బరువు మోయగలదా, ఇంకో ఇరవై అయిదేళ్లు మరమ్మతు లేకుండా ఉంటుందా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించుకోండి. ప్యానెళ్లు బిగించాక కారే డాబాను బాగుచేయడం రెట్టింపు పని.

కొలతలు ఇలా వేసుకోండి. 550 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు 2.6 చదరపు మీటర్లు. 18 ప్యానెళ్లంటే 9.9 కిలోవాట్లు, ప్యానెళ్లకే 47 చదరపు మీటర్లు. చదును డాబా మీద వరుసల మధ్య ఖాళీ, నడిచే దారి కలిపి 80 నుంచి 100 దాకా కావాలి. రోజుకు సగటున 5 గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు పడే చోట, వేడి, దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ (ప్యానెళ్లిచ్చే ఒకే దిశ కరెంటును, అంటే డీసీని, ఇళ్లలో వాడే దిశ మారే కరెంటుగా, అంటే ఏసీగా మార్చే పెట్టె) నష్టాలకు 0.77తో గుణిస్తే రోజుకు 38 యూనిట్లు. కొటేషన్‌లో అంతకన్నా చాలా ఎక్కువ చూపితే ఏ నష్టాలను వదిలేశారో అడగండి. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. ఎండలో సెల్ 60 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 12 శాతం పడిపోతుంది. అందుకే ప్యానెళ్ల కింద గాలి ఆడాలి.

ముఖం భూమధ్యరేఖ వైపు ఉండాలి, అంటే ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి. వాలు ఆ ఊరి అక్షాంశానికి దగ్గరగా ఉంటే చాలు, రెండు మూడు డిగ్రీల కోసం గొడవ పడనక్కర్లేదు. 10 డిగ్రీలకన్నా తక్కువ వాలు మాత్రం పెట్టకండి, వాన నీళ్లు జారక కింది అంచున మట్టి పేరుకుంటుంది. వరుసల మధ్య దూరానికి, ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజున ఉదయం 10 గంటలకు సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడో చూడాలి. ఆ కోణం 35 డిగ్రీలు, ప్యానెల్ పై అంచు కింది అంచుకన్నా 1 మీటరు ఎత్తు ఉంటే, సూర్యుడు ఎటున్నా నీడ దాటకుండా 1.43 మీటర్ల ఖాళీ సరిపోతుంది.

నీడను చిన్న విషయంగా తీసుకోకండి. ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరుసలో కరెంటు అన్నిటి గుండా ఒకటే ప్రవహిస్తుంది. సన్నటి గొట్టం నీడ ఒక ప్యానెల్‌లో ఒక్క సెల్ మీద పడినా బైపాస్ డయోడ్ (నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపేది) ఆ ప్యానెల్‌లో మూడో వంతును పక్కనపెట్టేస్తుంది. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 3కి డాబా మీద సుద్దముక్కతో నీడల అంచులు గీయండి. ఇవాళ పడని నీడ చలికాలంలో పడొచ్చు, పక్క చెట్టు అయిదేళ్లలో పెరగొచ్చు. ఆ రెండూ ఊహించుకుని చోటు వదలండి.

కొటేషన్లలో చాలామంది చూడని అంకె ఒకటుంది. చలికి ప్యానెళ్ల వోల్టేజీ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 49.8 వోల్టులిచ్చే ప్యానెళ్లు 12 కలిపితే 598. ఇన్వర్టర్ పరిమితి 600 అయితే సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ తెల్లవారుజామున 5 డిగ్రీల చలిలో, డిగ్రీకి 0.27 శాతం పెరిగితే అది 630 అవుతుంది, తొలి ఎండకే ఇన్వర్టర్ దెబ్బతింటుంది. 11 పెడితే 577, క్షేమం. మీ ప్రాంతంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతతో ఈ లెక్క వేసి చూపమని అడగండి. వేయలేని కాంట్రాక్టరుకు పని ఇవ్వకండి.

పని జరుగుతున్నప్పుడు బృందం మనిషి దగ్గరుండి చూడవలసినవి: ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లలో రెండు వేర్వేరు కంపెనీలవాటిని ఒకదానితో ఒకటి కలిపారా (చూడటానికి అతుకుతాయి, లోపల సరిగా పట్టక వేడెక్కి కాలుతాయి), కేబుళ్లు డాబా మీద పడి ఉన్నాయా, ఎండకు తట్టుకునే టైలతో ఎత్తి కట్టారా, అల్యూమినియం ఫ్రేముకు రాగి తీగను నేరుగా బిగించారా (తడికి ఆ అతుకు తుప్పుపట్టి పాడవుతుంది, మధ్యలో టిన్ పూత ఉన్న లగ్గు, అంటే తీగ కొసకు బిగించే లోహపు ముక్క కావాలి), డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు కరెంటు ఆపే స్విచ్), సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి కాపాడేది), ఎర్తింగు కొలత కాగితం ఉన్నాయా, ఇన్వర్టర్ నేరుగా ఎండ పడని, గాలి ఆడే గోడ మీద ఉందా. నడుస్తున్న డీసీ లైనులో కనెక్టర్‌ను చేత్తో లాగడం ప్రాణాంతకం. డీసీలో లేచిన ఆర్క్ (గాలిలోంచి దూకే మంట లాంటి కరెంటు) దిశ మారే ఏసీ కరెంటులోలాగా తనంతట తాను ఆరిపోదు.

సభ్యులకు ముందే చెప్పవలసిన మాట: లైనుకు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పని చేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని అలా తయారుచేస్తారు. ఎండ కాస్తుండగా ఫ్యాను ఎందుకు తిరగడం లేదని ప్రారంభోత్సవం నాడే అడిగించుకోకండి.

కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ కావాలి, పొదుపు ముందు ఎందుకో ఇక్కడే తేలుతుంది. గ్రంథాలయంలో 30 వాట్ల ఫ్యాన్లు 5, 9 వాట్ల బల్బులు 10 అనుకోండి. 240 వాట్లు, 4 గంటలకు 0.96 యూనిట్లు. ఇన్వర్టర్ నష్టం 10 శాతం కలిపి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతమే వాడితే 1.33 కిలోవాట్-గంటల బ్యాటరీ చాలు. లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి కనుక 2.13 కావాలి. అదే గదిలో పాత 75 వాట్ల ఫ్యాన్లు, 60 వాట్ల బల్బులు ఉండి ఉంటే 975 వాట్లు, బ్యాటరీ నాలుగింతలు.

డబ్బు, వాటాలు

చిన్న వాటాలు ఎక్కువమందికి ఇవ్వండి. కోపెన్‌హాగన్ దగ్గర సముద్రంలో 2000లో పెట్టిన మిడిల్‌గ్రుండెన్ గాలిమరలు 20. వాటిలో సగం ఒక సహకార సంఘానివి. 40,500 వాటాలుగా చేసి, ఏడాదికి 1000 యూనిట్ల ఉత్పత్తికి ఒక వాటా అని లెక్కకట్టారు. డబ్బు అంకెకన్నా "నా వాటా ఇన్ని యూనిట్లు" అన్న మాట సభ్యుడికి సులభంగా అర్థమవుతుంది. మీ 9.9 కిలోవాట్లు ఏడాదికి దాదాపు 13,900 యూనిట్లు ఇస్తే 100 యూనిట్లకో వాటా చొప్పున 139 వాటాలు.

ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు ఉండాలి. లేదంటే మూడో ఏటికి నలుగురి సొంతమవుతుంది. సభ్యుడు ఊరు వదిలి వెళ్తే వాటా ఎవరు, ఏ ధరకు తీసుకుంటారో మొదటి రోజే రాయండి. ప్యానెళ్లు ఏటా అర శాతం చొప్పున తగ్గుతూ పాతికేళ్లు పనిచేస్తాయి గానీ ఇన్వర్టర్ 10, 12 ఏళ్లకు మార్చాలి. దాని ధరలో పన్నెండో వంతు ఏటా పక్కన పెట్టాకే లాభం పంచండి. ఈ నిధి లేని ప్రాజెక్టులు పదో ఏట డాబా మీద బరువుగా మిగిలిపోతాయి.

భవనం యజమానితో ఒప్పందం కనీసం అప్పు తీరే కాలానికైనా రాసుకోవాలి. డాబా మరమ్మతు వస్తే ప్యానెళ్లు తీసి పెట్టే ఖర్చు ఎవరిది, భవనం అమ్మితే ఏమిటి, తాళం ఎవరి దగ్గర అన్నవి అందులో ఉండాలి.

నడపడం

ఇన్వర్టర్ చూపే యూనిట్లను ప్రతి వారం ఒకే రోజున ఒకరు పుస్తకంలో రాయాలి. మొబైల్ యాప్ ఉన్నా రాయండి, వైఫై పాస్‌వర్డ్ మారిన రోజు నుంచి యాప్ మూగబోతుంది. పోయిన ఏడాది ఇదే నెలకన్నా 10 శాతం మించి తగ్గితే వెతకాలి. ముందు దుమ్ము, తర్వాత కొత్త నీడ, తర్వాత ఒక వరుస పూర్తిగా ఆగిందేమో, ఆపై లైను వోల్టేజీ ఎక్కువై ఇన్వర్టర్ పదే పదే కట్ అవుతోందేమో చూడండి. చివరిది ఇన్వర్టర్‌లో ఎర్రర్ కోడ్ రూపంలో నమోదై ఉంటుంది.

ప్యానెళ్లను తెల్లవారాక, వేడెక్కకముందే కడగాలి. మండే అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే అది పగలొచ్చు. సబ్బు వద్దు, గరుకు పీచు వద్దు, ఉప్పునీళ్లయితే తెల్ల మరకలు పడకుండా వెంటనే తుడవాలి. ప్యానెల్ మీద కాలు పెట్టకూడదు, కంటికి కనబడని పగుళ్లు సెల్‌లలో పడతాయి. ప్యానెళ్ల కింద పక్షులు గూళ్లు కట్టి, ఎలుకలు తీగలు కొరికే చోట అంచుల చుట్టూ వల బిగించండి.

గాలి, నీరు, బయోగ్యాస్

సమావేశంలో ఎవరో ఒకరు ఇంటి మీద గాలిమర అంటారు. గాలి శక్తి వేగం ఘనంతో మారుతుంది. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతే. ఇళ్ల మీద గాలి నెమ్మదిగా, సుడులు తిరుగుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న చెట్లు, కప్పులకన్నా 10 మీటర్లు పైన నిలబెట్టలేకపోతే వద్దనే చెప్పండి.

వాగు ఉంటే లెక్క వేరు. సెకనుకు 10 లీటర్లు, 20 మీటర్ల దిగువకు పడితే, 50 శాతం సామర్థ్యంతో దాదాపు 1 కిలోవాట్ రాత్రీ పగలూ వస్తుంది. వేసవిలో ఎంత పారుతుందో కొలిచాకే మాట ఇవ్వాలి. పశువులుంటే రోజుకు 25 కిలోల పచ్చి పేడకు సుమారు 1 ఘనపు మీటరు బయోగ్యాస్ వస్తుంది. దాన్ని కరెంటుగా మార్చకుండా పొయ్యికే వాడండి. ఒక్కసారిగా ఎక్కువ పేడ వేస్తే డైజెస్టర్ (పేడ కుళ్లి గ్యాస్ తయారయ్యే తొట్టి) పులిసి గ్యాస్ ఆగిపోతుంది. అప్పుడు వారం పాటు పేడ వేయడం ఆపి, తర్వాత కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

ఫలితం కొలవడం

ఏడాది తర్వాత సర్వే చేసిన ఇళ్ల బిల్లులను పోయిన ఏడాది అవే నెలలతో పోల్చండి. మే నెలను డిసెంబరుతో పోల్చి పొదుపు అనడం తప్పు. ఎండలు తక్కువగా ఉన్న ఏడాది అందరి బిల్లులూ తగ్గుతాయి. కనుక సర్వే చేయని పది పదిహేను ఇళ్ల బిల్లులు కూడా అనుమతితో తీసుకుని పక్కన పెట్టండి. ఆ రెంటి తేడాయే మీ పని. సగటుకన్నా మధ్యగతం (ఇళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) చెప్పండి, ఒక్క ఇంట్లో కొత్త ఏసీ వచ్చినా 30 ఇళ్ల సగటు వంకర పోతుంది.

బిల్లు పెరిగిన ఇళ్లను జాబితాలోంచి తీసేయకండి. ముందు అక్కడికే మళ్లీ వెళ్లండి. కొత్త మనిషి వచ్చి ఉండొచ్చు, పిల్లవాడి చదువు రాత్రి దాకా సాగుతుండొచ్చు, ఫ్రిజ్ రబ్బరు చిరిగి ఉండొచ్చు. ప్లగ్ మీటరు సంచిలో వేసుకునే వెళ్లండి.